పండు ఈగ పేగు, దాని ముసలితనం: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. మా పిల్లల చదువు మూడు గట్ల మీద నడుస్తుంది: బడిలో ఒడియా, ల్యాబులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ప్రొటీన్‌ని ఒడియా పుస్తకం పుష్టిసార అంటుంది, తెలుగు పుస్తకం మాంసకృత్తులు అంటుంది. ఏ పేరు విన్నా మావాళ్ళకి గుర్తొచ్చేది కోడిగుడ్డే. ల్యాబులో ఈగల సీసాలు పెట్టినప్పటి నుంచి పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, అప్పుడప్పుడు మా వీధివాళ్ళు అడిగిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను.

మాస్టారూ, మీరు చెప్పేది మామిడికాయలో పురుగు పెట్టే ఈగేనా?

కాదు. ముందు ఈ గొడవ తేల్చుకోవాలి, ఎందుకంటే వ్యవసాయం ఆఫీసు వాళ్ళు కూడా "పండు ఈగ" అనే అంటారు. మామిడిని పాడుచేసేది బాక్ట్రోసెరా. అది ఇంటి ఈగంత ఉంటుంది, పక్వానికొస్తున్న కాయకి సూదిలాంటి గొట్టం గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. నేను చెప్పేది డ్రోసోఫిలా మెలనోగాస్టర్. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఎర్ర కళ్ళు, లేత గోధుమరంగు ఒళ్ళు. చెట్టు మీది కాయ జోలికి పోదు, మగ్గి పులిసిన పండు కావాలి దానికి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పండు కూడా కాదు, పండు మీద పెరిగే ఈస్టు కావాలి.

జీలుగు కల్లు దింపే చోట కుండ మూతి చుట్టూ దుమ్ములాగా లేచి మళ్ళీ వాలే పురుగుల్ని చూసే ఉంటారు. పనసపండు కోసిన రోజు సాయంత్రం తొనల గిన్నె మీద తిరిగేవీ ఆ తెగవే.

ముసలితనం గురించి తెలుసుకోడానికి మనుషులు దొరకలేదా, ఈగే దొరికిందా?

మనిషి ముసలివాడయ్యేదాకా కూర్చుంటే చూసేవాడూ ముసలివాడైపోతాడు. 25 డిగ్రీల వేడిలో ఈ ఈగ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు 10 రోజులు. ఆ తరవాత రెండు మూడు నెలలు బతుకుతుంది. అంటే ఒక సెమిస్టరులో పుట్టుక, పెళ్ళి, ముసలితనం, చావు అన్నీ చూసేయొచ్చు.

క్రోమోజోములు 4 జతలే. జన్యువుల పటం మొత్తం 2000లో బయటికొచ్చింది. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 14 వేల దాకా ఉన్నాయి. అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ 1910లో ఎర్ర కళ్ళ మందలో ఒక తెల్ల కళ్ళ మగ ఈగని పట్టుకున్న దగ్గర మొదలైన కథ ఇది. ఆయనకి 1933లో నోబెల్ వచ్చింది. నూరేళ్ళ పైబడి పోగుపడిన పరిజ్ఞానం ఉంది కాబట్టి, ఏ ప్రొటీన్ తీసేస్తే ఏమవుతుందో చూడటం ఈగలో తేలిక.

ప్రొటీన్ అంటే పప్పూ గుడ్డే కదా? దానికీ ముసలితనానికీ సంబంధం ఏమిటి?

ఒకే మాటని రెండు అర్థాల్లో వాడతాం, చిక్కంతా అక్కడే. ఒకటి తినే ప్రొటీన్. ఈగకి అది ఈస్టు నుంచి వస్తుంది. కడుపులోకి పోయాక ముక్కలై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. రెండోది ఒంట్లో పనిచేసే ప్రొటీన్. ఆ ముక్కలతోనే జన్యువు చెప్పిన వరసలో అల్లుకున్న పనిముట్టు అది. ఒకటి తలుపు, ఒకటి గొళ్ళెం, ఒకటి కావలివాడు, ఒకటి కత్తెర. కింద రాసిన జవాబుల్లో రెండు రకాలూ వస్తాయి. ఏది ఎక్కడో చెబుతూ పోతాను.

ఈగ కడుపుకి రోగనిరోధక శక్తి కూడా ఉంటుందా?

ఉండక ఏం చేస్తుంది? అది తినేదే కుళ్ళిపోయింది. ప్రతి ముద్దలోనూ బాక్టీరియా ఉంటుంది. పైగా మనకున్నట్టు యాంటీబాడీలు లేవు, టీకా వేస్తే గుర్తుపెట్టుకునే కణాలూ లేవు. ఉన్నదల్లా పుట్టుకతో వచ్చిన కాపలా, అందులో మూడు వరసలు.

మొదటిది పొర. పేగు లోపలంతా కైటిన్ (పురుగుల పెంకులో ఉండే పదార్థం), ప్రొటీన్లు కలిసి అల్లిన సన్నని తొడుగు ఉంటుంది. తిండి ఆ తొడుగులోంచి పోతుంది, కణాలకి నేరుగా తగలదు. ఆ అల్లికలో డ్రోసోక్రిస్టలిన్ అనే ప్రొటీన్ ఒకటి. అది లేని ఈగలకి తొడుగు పల్చబడుతుంది, విషం కక్కే బాక్టీరియాకి తొందరగా లొంగిపోతాయి.

రెండోది డ్యుఆక్స్ అనే ఎంజైము. పేగు కణాల్లో ఉంటుంది, చురుకైన ఆక్సిజన్ అణువుల్ని పుట్టించి బాక్టీరియా మీద చల్లుతుంది, మనం బావిలో బ్లీచింగ్ చల్లినట్టు. దీనికో విచిత్రం ఉంది. ఇంటి బాక్టీరియాని వదిలేసి బయటిదాన్ని ఎలా గుర్తుపడుతుందని వెతికితే, 2013లో యురాసిల్ దొరికింది. కొన్ని హానికర బాక్టీరియా యురాసిల్‌ని బయటికి వదులుతాయి, ఆ వాసనకి డ్యుఆక్స్ లేస్తుంది.

మూడోదాన్ని ఐఎండీ మార్గం అంటారు. బాక్టీరియా గోడలో పెప్టిడోగ్లైకాన్ అనే ఇటుక ఉంటుంది. బాక్టీరియా పెరుగుతూ విరుగుతూ ఉంటే ఆ ఇటుక ముక్కలు రాలతాయి. పేగు కణం మీద పీజీఆర్పీ-ఎల్‌సీ అనే ప్రొటీన్ వాటిని పట్టుకుంటుంది. కణం లోపల ఉండే తోబుట్టువు పీజీఆర్పీ-ఎల్‌ఈ. వీటిలో ఏది ఇటుకని పట్టుకున్నా కబురు చేతులు మారుతూ రెలిష్ అనే ప్రొటీన్‌కి చేరుతుంది. రెలిష్ కేంద్రకంలోకి దూరి, డిప్టెరిసిన్, అటాసిన్ లాంటి బాక్టీరియాని చంపే చిన్న ప్రొటీన్ల తయారీ మొదలుపెట్టిస్తుంది.

నోబెల్ వచ్చింది దీనికేనా?

దీని అన్నకి. టోల్ అనే ఇంకో మార్గం ఉంది, బూజుల మీద ఎక్కువ పనిచేస్తుంది. టోల్ లేని ఈగ ఒళ్ళంతా బూజు పట్టి చచ్చిపోతుందని ఫ్రాన్స్‌లో జూల్స్ హోఫ్‌మన్ బృందం 1996లో చూపించింది. రెండేళ్ళకి బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో దాని చుట్టాన్ని పట్టుకున్నాడు. 2011 నోబెల్‌లో సగం వీళ్ళిద్దరికీ, మిగతా సగం డెండ్రిటిక్ కణాలు కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కీ వచ్చింది. అయితే పేగులో బాక్టీరియా మీద కాపలా టోల్ పని కాదు, ఐఎండీ, డ్యుఆక్స్‌లదే.

వయసు మీదపడితే నిరోధక శక్తి తగ్గుతుంది. ఈగకీ అంతేనా?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశాననుకోండి. అందరూ తలూపే మాట ఇది, కానీ ఈగ పేగు దగ్గర అడ్డం తిరుగుతుంది. ముసలి ఈగ పేగులో కాపలా తగ్గదు, పెరుగుతుంది. డిప్టెరిసిన్ లాంటి ప్రొటీన్లు రోగం లేకపోయినా తయారవుతూనే ఉంటాయి. పాడయ్యేది ఆపే చెయ్యి.

బరంపురం ఠాకురాణీ జాతరకి పోలీసుల్ని దింపుతారు. జాతర అయ్యాక వాళ్ళు వెనక్కి వెళ్ళాలి కదా. వెళ్ళకుండా నెలల తరబడి సందు సందునా లాఠీలతో తిరిగితే దొంగలకంటే కొట్లవాళ్ళే ముందు నష్టపోతారు. పేగులో జరిగేది అదే.

వాళ్ళని వెనక్కి పంపే ప్రొటీన్ల పేర్లు: పీజీఆర్పీ-ఎల్‌బీ, పీజీఆర్పీ-ఎస్‌సీ, పిర్క్. ఎస్‌సీ చేసే పని నాకు భలే నచ్చుతుంది. అదొక కత్తెర. రాలిన ఇటుక ముక్కల్ని ఇంకా చిన్నగా కత్తిరించేస్తుంది, ఎల్‌సీ పట్టుకోడానికి ఏమీ మిగలదు, గంట మోగడం ఆగిపోతుంది. బాక్టీరియాని చంపదు, ఉన్నదని చెప్పే చీటీని చింపేస్తుంది.

2014లో గువో, కార్పాక్, ట్రాన్, జాస్పర్ అనే నలుగురు ఈ కత్తెర వయసుతో ఏమవుతుందో చూశారు. ముసలి పేగులో ఒత్తిడి వల్ల ఫాక్సో అనే ప్రొటీన్ అస్తమానం లేచి ఉంటుంది. అది ఎస్‌సీ కత్తెరల్లో ఒకటైన పీజీఆర్పీ-ఎస్‌సీ2 తయారీని నొక్కేస్తుంది. కత్తెర తగ్గింది కాబట్టి రెలిష్ ఆగదు. రెలిష్ ఆగకపోతే ఇంటి బాక్టీరియా పొందిక చెడి, సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. దాని దెబ్బకి పేగు మూలకణాలు అవసరానికి మించి విభజన చెందుతాయి. పుట్టిన కణాలు సగం సగం తయారై, ఒకదాని మీద ఒకటి పోగుపడి, గోడ గోడలా ఉండదు. వాళ్ళు పేగు కణాల్లో మాత్రం ఎస్‌సీ2ని పెంచి చూశారు. బాక్టీరియా అదుపులో ఉంది, మూలకణాలు నెమ్మదించాయి, ఈగలు ఎక్కువ కాలం బతికాయి.

కాపలా పెంచలేదు, ఆపేదాన్ని పెంచారు. క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తుతారు.

పేగు గొడవంతా పేగులోనే పుడుతుందా?

లేదు. ఈగకి కొవ్వు కణజాలం ఉంటుంది, మన కాలేయం, కొవ్వు రెండూ కలిసిన పని దానిది. అక్కడి కణాల కేంద్రకానికి లోపలి అస్తరు లామిన్-బి అనే ప్రొటీన్. వయసుతో ఆ అస్తరు చిరుగుతుంది, అణిగి ఉండాల్సిన నిరోధక జన్యువులు లేస్తాయి. కొవ్వు నుంచి వచ్చిన ప్రొటీన్లు దూరంగా ఉన్న పేగు కాపలాని అణిచేసి, మూలకణాలు పెచ్చరిల్లేలా చేస్తాయని 2014లోనే ఇంకో బృందం చూపించింది. పై జవాబులో కాపలా ఎక్కువైతే చేటన్నాను, ఇక్కడ తక్కువైనా చేటే. పరీక్షలో ఒక్క బాణం గుర్తు గీసి వదిలేసే పిల్లలకి ఇందుకే మార్కులు తగ్గిస్తాను.

మీ ల్యాబులో నీలం ఈగలున్నాయట, నిజమేనా?

నిజమే. మిఠాయిల్లో వాడే నీలం రంగు, బ్రిలియంట్ బ్లూ, ఈగల మేతలో కలుపుతాం. పడుచు ఈగ తింటే పొట్ట దగ్గర పేగు మేరకే నీలం గీత కనిపిస్తుంది. ఆ రంగు పేగు గోడ దాటదు. వయసు మీదపడి గోడ వదులైన ఈగలో రంగు బయటికి కారి, తల నుంచి తోక దాకా ఒళ్ళంతా నీలమైపోతుంది. కార్టూన్ బొమ్మల పేరు మీద వాటికి స్మర్ఫ్ ఈగలని పేరు పెట్టారు. రెరా, వాకర్ల బృందం 2012లో చెప్పిన సంగతి ఏమిటంటే, ఒకే రోజు పుట్టిన ఈగల్లో కూడా నీలంగా మారినవే ముందు పోతాయి. పుట్టినరోజు కంటే పేగు గోడే వాటి చావుని బాగా చెబుతుంది.

మొదటిసారి మేం చేసినప్పుడు రంగు ఎక్కువై మేత పల్చబడింది. తెల్లారేసరికి సగం ఈగలు అందులో అతుక్కుపోయి ఉన్నాయి, లోపల బయట అన్నీ నీలమే. ఏది స్మర్ఫో ఏది మునిగిందో తేలక ఆ సీసాలన్నీ కడిగేశాం.

గోడ కణాల మధ్య కుట్టు వేసే ప్రొటీన్లలో స్నేక్‌స్కిన్ ఒకటి. పెద్ద ఈగలో దాన్ని తగ్గిస్తే ఒళ్ళు త్వరగా నీలమవుతుంది, బాక్టీరియా పెరుగుతుంది, ఆయుష్షు పడిపోతుంది. తిరిగి పెంచితే కోలుకుంటుంది. పేగులో దాన్ని మామూలు కంటే ఎక్కువ చేస్తే ఈగ ఆయుష్షు పెరిగిందని 2018లో తేలింది.

ఆడ ఈగకీ మగ ఈగకీ తేడా ఉందా?

ఉంది. ఆడ ఈగ పేగే వయసుతో ఎక్కువ పాడవుతుంది. గుడ్లు పెట్టాలి కాబట్టి పేగు పెద్దది, మూలకణాలు చురుకు. ఆ చురుకే ముసలితనంలో కొంప ముంచుతుంది. మగవాటికి గోడ చాలాకాలం గట్టిగా ఉంటుంది, కానీ పేగుకి దెబ్బ తగిలితే బాగుచేసుకునే సత్తా తక్కువ. మేత తగ్గిస్తే ఆయుష్షులో వచ్చే లాభం ఆడవాటికే ఎక్కువ. మగ ఈగలో పేగు మాత్రం ఆడ పేగులా మార్చి చూస్తే, ఆ మగవాటికీ లాభం వచ్చింది. మా అమ్మాయిలు ఈ జవాబు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎందుకో నేనడగలేదు.

తిండిలో ప్రొటీన్ తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందా?

ఈగకి, ఒక మేరకు, అవును. మేతలో ఈస్టు తగ్గిస్తే ఎక్కువ బతుకుతుంది, గుడ్లు తక్కువ పెడుతుంది. మరీ తగ్గిస్తే ఆకలితో చస్తుంది. కేలరీలు తగ్గడం వల్లే అనుకునేవారు. 2005లో పంచదార వేరుగా, ఈస్టు వేరుగా తగ్గించి చూస్తే, అదే కేలరీలకి ఈస్టు తగ్గింపు చాలా ఎక్కువ పనిచేసింది. 2009లో ఇంకా లోతుకి వెళ్ళి, తక్కువ మేత తినే ఈగలకి అమైనో ఆమ్లాలు కలిపి పెట్టారు. గుడ్లు మళ్ళీ పెరిగాయి, ఆయుష్షు తగ్గింది. మెథియోనిన్ ఒక్కటి కలిపితే గుడ్లు పెరిగాయి గానీ ఆయుష్షు తగ్గలేదు.

తిన్న ప్రొటీన్ కబురు ఒంట్లోకి ఇన్సులిన్ మార్గం, టార్ అనే ప్రొటీన్ ద్వారా పోతుంది. ఇన్సులిన్ కబురు మోసే చికో అనే ప్రొటీన్ లేని ఈగలు పొట్టిగా ఉంటాయి, ఆడవి 48 శాతం దాకా ఎక్కువ బతికాయని 2001లో వచ్చింది. టార్‌ని అణిచే రాపమైసిన్ మందు పెట్టినా ఆయుష్షు పెరిగింది. ఇన్సులిన్ కబురు తగ్గితే లేచేది మళ్ళీ ఫాక్సోనే. కొవ్వు కణజాలంలో అది లేస్తే ఆయుష్షు పెరుగుతుంది, ముసలి పేగులో లేచి కూర్చుంటే పైన చెప్పిన నష్టం. ఒకే మనిషి అత్తింట్లో ఒకలా, పుట్టింట్లో ఒకలా ఉన్నట్టు.

అయితే మా అబ్బాయి జిమ్ము ప్రొటీన్ పొడి మానేయాలా?

ఈగని చూసి మానేయక్కర్లేదు. ఈగ లెక్క ఈస్టుది, సీసాలో తిని కూర్చునే బతుకుది. మన పెద్దవాళ్ళకి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. మా వైపు అన్నం కొండంత, పప్పు చారెడు పెట్టుకునే ముసలివాళ్ళకి అంత కూడా అందదేమోనని నా అనుమానం. వాళ్ళ దగ్గర ఈ ఈగ కథ చెప్పి గుడ్డు మానిపించకండి. కిడ్నీ జబ్బున్న వాళ్ళు డాక్టరు మాటే వినాలి.

పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం), తరవాణి తాగితే మంచి బాక్టీరియా వస్తుందంటారు. ఈగకీ అలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, పైగా చుట్టాలే. ఈగ పేగులో కాపురముండే రకాలు కొద్ది: లాక్టిక్ ఆమ్లం చేసే లాక్టోబాసిల్లస్ జాతి, సారాని వెనిగర్ చేసే అసెటోబాక్టర్ జాతి. చద్దన్నం నీళ్ళకి పులుపు తెచ్చేవీ లాక్టిక్ తెగవే. ఈస్టు తక్కువైన మేతలో పెరిగే ఈగ పిల్లపురుగుకి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇస్తే, తిన్న కొంచెం ప్రొటీన్‌నే బాగా వాడుకుని వేగంగా పెరిగిందని 2011లో చూపించారు. అదీ టార్ ద్వారానే. పెరిగే వయసులో మేలు చేసిన ఇంటి బాక్టీరియా, కాపలా అదుపు తప్పిన ముసలి పేగులో భారమవుతుంది. అసలు బాక్టీరియా లేకుండా పెంచితే ఎక్కువ బతుకుతుందా అంటే, ఒక్కో ల్యాబు ఒక్కో ఫలితం చెప్పింది.

మా అమ్మ ఎండాకాలంలో తరవాణి తాగే మనిషి. ఈ జవాబు చదివించాక మానిందా అంటే మానలేదు, మానమని నేనూ అనలేదు.

ఉసిరికాయ లేహ్యం ఈగల మీద పరీక్షించారట కదా?

పరీక్షించారు, అదీ మన దేశంలోనే. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో లఖోటియా గారి బృందం ఉసిరితో చేసే ఆమలకీ రసాయనాన్ని, పాదరసంతో చేసే రససిందూరాన్ని మేతలో కలిపి 2012లో ఫలితాలు ప్రచురించింది. ఆమలకీ తిన్న ఈగల సగటు ఆయుష్షు పెరిగింది. అది ఆయుర్వేదం చెప్పిన పద్ధతిలో చేసిన మందు, కొట్లో దొరికే ప్రతి డబ్బాకీ ఈ మాట అతికించకూడదు.

ఈగల లెక్కలన్నీ నమ్మొచ్చా?

అన్నీ కాదు. 2000లో ఇండీ అనే జన్యువు గురించి పెద్ద వార్త వచ్చింది. "నేనింకా చావలేదు" అన్న ఇంగ్లీషు మాటకి పొట్టిపేరు అది. ఆ జన్యువు సగం పనిచేస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపన్నారు. 2007లో ఇంకో బృందం ఈగల వంశాన్ని సరిచేసి, తల్లి నుంచి వచ్చే వాటి ప్రభావాన్ని తీసేసి చూస్తే లాభం కనిపించలేదు. పోల్చే ఈగలు ఒకే వంశానివా కావా అన్నది నేను ఏ పేపరు చదివినా మొదట చూసే సంగతి.

దీని మీద పెద్ద చదువు చదవాలంటే దూరం పోవాలా?

బరంపురంలోనే ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఉంది, 2016లో మొదలైంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఒడియా మీడియం, తెలుగు మీడియం అని వెనకడుగు వేయకండి. ఈగకి ఏ మీడియమూ రాదు.

ఇంట్లో చూడాలంటే ఎలా?

గాజు సీసాలో బాగా మగ్గిన అరటిపండు ముక్క వేసి, చిటికెడు ఈస్టు చల్లి, కాగితం గరాటు పెట్టి వంటింటి కిటికీ దగ్గర ఉంచండి. రెండు రోజుల్లో దూరతాయి. గరాటు తీసి దూదితో మూయండి. మైసూరు వైపు ల్యాబుల్లో మేత రవ్వ, బెల్లం, అగర్‌తో ఉడికిస్తారు, బూజు రాకుండా ప్రొపియానిక్ ఆమ్లం కొద్దిగా కలుపుతారు. ఇంట్లో ఆ ఆమ్లం జోలికి పోవద్దు, నాలుగైదు రోజులకోసారి పండు మార్చి, ఈగల్ని కొత్త సీసాలోకి తట్టి దింపితే చాలు.

సీసాని కాసేపు మంచుముక్కల మీద పెడితే ఈగలు మత్తుగా పడిపోతాయి. తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. పొట్ట చివర నల్లగా, గుండ్రంగా ఉంటే మగది. దాని ముందు కాళ్ళ మీద చిన్న నల్ల దువ్వెన కూడా కనిపిస్తుంది. పొట్ట చారలతో చివరికి సన్నబడితే ఆడది. రెండు నిమిషాల్లో కాళ్ళు ఆడిస్తాయి, అప్పటికి సీసాలో వేసెయ్యాలి. సీసాని పడుకోబెట్టి వేయండి, నిలబెట్టి వేస్తే లేవక ముందే మేతలో అతుక్కుపోతాయి.